తప్పు ప్రోగ్రాముదా, పిన్నుదా?

మీరొక రోబోట్ బండి చేశారనుకోండి. నల్లగీత వెంట నడిచే బండి. పాఠశాలలో బల్లమీద చక్కగా నడిచింది. దాన్ని అట్టపెట్టెలో పెట్టి, బస్సెక్కి, విజయనగరంలో జరిగే ప్రదర్శనకు తీసుకువెళ్ళారు. అక్కడ స్విచ్ వేయగానే అది గీతను వదిలేసి ఎడమవైపుకే గిరగిరా తిరగటం మొదలుపెట్టింది. ఏమై ఉంటుంది?

"ప్రోగ్రాములో తప్పుండి ఉంటుంది" అని మీరు అనబోతున్నారు. కొన్నేళ్ళ క్రితం నేను కూడా సరిగ్గా అదే అన్నాను. ఆ బండి చేసినది మా తొమ్మిదో తరగతి అమ్మాయి. న్యాయనిర్ణేతలు తన బల్ల దగ్గరకు వచ్చేలోగా ఆమె ప్రోగ్రామును మూడుసార్లు తిరగరాసింది. బండి మాత్రం ఎడమకే తిరిగింది. వాళ్ళు ఒక నిమిషం నిలబడి చూసి, ఏదో రాసుకుని, ప్రక్క బల్లకు వెళ్ళిపోయారు. తిరుగు ప్రయాణంలో ఆ పిల్ల మాట్లాడలేదు. నేను మాత్రం ఊరుకోక, "రాత్రి ఇంకొక్కసారి ప్రోగ్రాం సరిచూసుకుని ఉండవలసింది" అన్నాను.

మరునాడు ఆ బండిని గజపతినగరంలో మోటారు వాహనాల కరెంటు పనిచేసే ఒక మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్ళాం. నిజానికి వెళ్ళింది దాని బ్యాటరీ చూపించటానికి. ఆయన బ్యాటరీని పట్టించుకోలేదు. తీగలన్నిటినీ వేలితో ఒకటొకటిగా కదిపి చూశాడు. ఎడమ కన్ను, అనగా ఎడమవైపు సెన్సర్, నుంచి వచ్చే తీగ దగ్గర ఆగాడు. "ప్రోగ్రామంటే నాకు తెల్దు మాస్టారూ. ఈ పిన్ను తీగని పట్టుకోనేదు, ఒట్టినే ఆనుకునుంది" అన్నాడు. అమ్మాయి వైపు తిరిగి, "ఏదీ అమ్మా, నువ్ లాగి సూడు" అన్నాడు. ఆమె రెండు వేళ్ళతో మెల్లగా లాగింది. తీగ ఊడి చేతిలోకి వచ్చింది, పిన్ను గూట్లోనే ఉండిపోయింది.

అది బజారులో కొన్న రెడీమేడ్ జంపర్ తీగ. బస్సు కుదుపులకు లోపల పట్టు వదిలింది. ప్రోగ్రాములో ఏ తప్పూ లేదు. తప్పు నాది. ఎక్కడ వెతకాలో తెలియకుండానే ఎవరిది తప్పో చెప్పేశాను.

ఆనాటి నుంచి నాకొక అభిప్రాయం గట్టిపడింది. కొందరు తోటి ఉపాధ్యాయులకు అది నచ్చదు. రోబోట్లు చేయదలచుకున్న ప్రతి పాఠశాలా రెండో రోబోట్ కిట్ కొనబోయే ముందు ఒక మంచి క్రింపింగ్ టూల్, కొన్ని వందల పిన్నులు, వాటి ప్లాస్టిక్ గూళ్ళు కొనాలి. సంకేతాలు మోసే తీగలను పిల్లలే తమ చేతులతో తయారు చేసుకోవాలి.

"సంకేతాల తీగలే ఎందుకు?" అని మీరు అడగవచ్చు. మోటారుకు వెళ్ళే తీగ వదులైతే మోటారు ఆగిపోతుంది, లేదా ఆ చోట వేడెక్కుతుంది. జబ్బు పైకి కనిపిస్తుంది. సంకేతం మోసే తీగ అలా కాదు. ఆర్డ్వినో వంటి బోర్డు తన ఇన్‌పుట్ కాలు దగ్గర ఎంత వోల్టేజి ఉందో చూస్తుందే గాని, దాదాపు కరెంటు తీసుకోదు. తీసుకునేది మైక్రో ఆంపియరు, అనగా ఆంపియరులో పదిలక్షల వంతు, స్థాయిలోనే ఉంటుంది. అందువల్ల ఆ తీగ ఊడిపోతే బోర్డుకు "తీగ ఊడింది" అని తెలియదు. ఆ కాలు గాలిలో వ్రేలాడుతున్నట్టే. చుట్టుప్రక్కల ఏ విద్యుత్ క్షేత్రం ఉంటే దానికి ఊగుతూ ఒకసారి ఒకటి అనీ, మరొకసారి సున్నా అనీ చదువుతుంది. ఆగిపోయిన రోబోట్‌ను బాగుచేయవచ్చు. అబద్ధం చెప్పే రోబోట్‌తోనే చిక్కు.

నమ్మకం కుదరకపోతే ప్రయోగం చేసి చూడండి. ఆర్డ్వినో బోర్డులో ఒక ఇన్‌పుట్ కాలికి జానెడు తీగ గుచ్చి, రెండో కొసను దేనికీ తగిలించకుండా వదిలేయండి. ఆ కాలు ఏం చదువుతోందో తెరమీద అచ్చువేయించండి. ఇప్పుడు తీగ దగ్గరకు చేయి తీసుకురండి, తర్వాత కొసను వేలితో తాకండి. అంకెలు చిందులు వేస్తాయి. మన ఇళ్ళలో సెకనుకు 100 సార్లు దిశ మార్చుకునే విద్యుత్తు ప్రభావం మీ శరీరం ద్వారా ఆ తీగకు చేరుతోందన్నమాట. (ఈ ప్రయోగాన్ని బ్యాటరీతో నడిచే బోర్డు మీదనే చేయండి. గోడలోని 230 వోల్టుల జోలికి పోవద్దు.)

కనెక్షన్ వదులై మోసపోయింది మా పాఠశాల ఒక్కటే కాదు. 2011 సెప్టెంబరులో యూరప్ శాస్త్రజ్ఞులు ఒక విచిత్రమైన ఫలితం ప్రకటించారు. జెనీవా దగ్గరి సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు సుమారు 730 కిలోమీటర్లు భూమిలోంచి ప్రయాణించిన న్యూట్రినోలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందుగా చేరాయని వాళ్ళ లెక్క తేలింది. ఐన్‌స్టీన్ సిద్ధాంతమే తప్పా అని లోకమంతా చర్చించింది. 2012లో కారణం దొరికింది. గడియారపు సంకేతం తెచ్చే ఆప్టికల్ ఫైబర్ కేబుల్ కనెక్టర్ పూర్తిగా బిగుసుకోలేదు!

ఇక పిన్ను తీగను "పట్టుకోవటం" అంటే ఏమిటో చూద్దాం. కనెక్టరులోని పిన్నును భూతద్దంతో చూస్తే దాని తోకవైపు రెండు జతల రెక్కలు కనిపిస్తాయి. లోపలి జత రాగి పోగుల కోసం. బయటి జత తీగమీది ప్లాస్టిక్ తొడుగు కోసం. విద్యుత్తును అందుకునేది లోపలి జత, కుదుపును కాచుకునేది బయటి జత. క్రింపింగ్ టూల్ దవడల మధ్య నొక్కినప్పుడు లోపలి రెక్కలు రెండూ పైకి లేచి, వంగి, పోగుల మధ్యకు దిగబడతాయి. గుండ్రని రాగి పోగులు ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఆకారం మారి, సందు లేకుండా ఇమిడిపోతాయి. ఆ ఒరిపిడికి రాగిమీది ఆక్సైడు పొర చిట్లి లోహానికి లోహం నేరుగా తగులుతుంది. సరిగ్గా నొక్కిన చోట గాలి కూడా చొరబడలేదు. గాలి, తేమ చేరకపోతే చిలుము పట్టదు. అందుకే మంచి క్రింపు ఏళ్ళతరబడి నిలుస్తుంది. సముద్రపుగాలి తగిలే మన ఉత్తరాంధ్రలో ఇది చిన్న విషయం కాదు.

అదే పిన్నును నోస్ ప్లేయర్‌తో నొక్కితే? రెక్కలు చదునుగా అణిగి తీగమీద పడుకుంటాయి. పైకి బిగిసినట్టే కనిపిస్తుంది గాని, పోగుల మధ్య ఖాళీలు అలాగే ఉంటాయి. చాలినంత నొక్కకపోతే ఖాళీ, ఎక్కువ నొక్కితే పోగులు సన్నబడి తెగిపోతాయి. సరైన ఒత్తిడిని చేతి అంచనాకు వదలకుండా మంచి టూల్‌లో రాచెట్ అనే ఏర్పాటు ఉంటుంది. ఒకసారి నొక్కటం మొదలుపెట్టాక, చివరిదాకా నొక్కేవరకు దవడలు తెరుచుకోవు. సైకిలు పెడలు వెనక్కి త్రిప్పితే ఫ్రీవీలులో టకటకమంటుందే, దానికి చుట్టమే ఇది.

ఈ విద్య పాతదే. 1941లో అమెరికాలో విటేకర్ అనే ఇంజనీరు ఎయిర్‌క్రాఫ్ట్ మెరైన్ ప్రోడక్ట్స్ అనే సంస్థ పెట్టాడు. పేరులోనే ఉంది చూడండి, విమానాలకు, ఓడలకు కావలసిన సరుకు అది. టంకం లేకుండా నొక్కి బిగించే తీగ కొసలను ఆ సంస్థ తయారు చేసింది. తర్వాత దానికే ఆంప్ అని పేరు స్థిరపడింది. మన రోబోట్లలో, బ్యాటరీలలో కనిపించే తెల్లని చిన్న కనెక్టర్లను అందరూ జేఎస్టీ అంటారు. ఆ మూడక్షరాలు జపాన్ సోల్డర్‌లెస్ టెర్మినల్ అనే కంపెనీ పేరుకు పొట్టిరూపం. అనగా "టంకం అక్కరలేని తీగకొస" అన్నదే దాని పేరు!

ఇక్కడ టంకం పక్షం వారు నాతో పోట్లాడతారు. "నాలుగు పిన్నులకు టంకం వేస్తే పోయేదానికి ఇంత హంగామా ఎందుకు మాస్టారూ" అంటారు. బోర్డుమీద టంకానికి నేను వ్యతిరేకిని కాను, అది అక్కడ ఉండవలసిందే. కాని వంగుతూ ఊగుతూ ఉండే తీగ కొసలో టంకం వేస్తే, అది కరిగి పోగుల మధ్యనుంచి పైకి పాకుతుంది. పాకినంత మేర మెత్తని తీగ కాస్తా కడ్డీలా బిరుసెక్కుతుంది. కడ్డీ ముగిసి తీగ మొదలయ్యే చోటనే వంపంతా పడుతుంది. ఇనుపతీగను ఒకేచోట అటూ ఇటూ వంచితే ఏమవుతుందో మీకు తెలుసు. ఇంకొందరు రెండూ చేస్తారు, ముందు టంకం పూసి తర్వాత క్రింపు చేస్తారు. అది మరీ తప్పు. టంకం మెత్తని లోహం, ఒత్తిడి క్రింద కాలక్రమేణా జారిపోయి పట్టు వదులవుతుంది. టంకం పూసిన పోగులను క్రింపు చేయరాదని నాసా పనివారి ప్రమాణాలలోనే ఉంది.

సరే, ఈ సరుకు ఎక్కడ దొరుకుతుంది? అసలు కష్టం ఇక్కడే. గజపతినగరం బజారులో లగ్గులు దొరుకుతాయి, ఇంటర్నెట్ కేబుల్ చివర పెట్టే కనెక్టర్లు వాటి మనుషుల దగ్గర ఉంటాయి. వాళ్ళ టూళ్ళు కూడా క్రింపింగ్ టూళ్ళే. కాని వాటి దవడలు వేరు. మోటారు లగ్గు నొక్కే దవడలో మన సన్నని పిన్ను పెడితే నలిగి ముద్దవుతుంది. కనుక టూల్ అరువు తెచ్చుకునే ఆలోచన మానుకోండి. వాళ్ళ దగ్గర నేర్చుకోవలసినది చేతివాటం. తొడుగు ఒలిచేటప్పుడు పోగు తెగకుండా ఎలా ఒలుస్తారో, బిగించాక లాగి ఎలా చూస్తారో నిలబడి గమనించండి.

పిన్నులకు, గూళ్ళకు విశాఖపట్నంలోని ఎలక్ట్రానిక్ విడిభాగాల కొట్లకు వెళ్ళాలి. హైదరాబాదు వెళ్ళేవారుంటే కోఠీలో గుజరాతీ గల్లీ, మద్రాసు వెళ్ళేవారుంటే రిచీ స్ట్రీట్ ఉన్నాయి. ఇంటికే తెప్పించుకోవచ్చు గదా అంటారా? తెప్పించుకోవచ్చు, మేమూ తెప్పించాం. కాని మొదటిసారి కొట్టుకు వెళ్ళి చేత్తో పట్టుకుని చూసి కొనమనే నా సలహా. ఎందుకంటే వీటి పేర్లే ఒక గందరగోళం.

మన కొట్లలో బోర్డుమీద నిలబడే పిన్నుల వరుసను బెర్గ్ స్ట్రిప్ అంటారు. దానికి తగిలే తీగను ఇంటర్నెట్లో డ్యూపాంట్ వైరు అంటారు. రెండూ ఒకే వంశం. బెర్గ్ అనే కంపెనీని 1970లలో డ్యూపాంట్ అనే పెద్ద కంపెనీ కొనేసింది, అందుకని రెండు పేర్లూ మిగిలిపోయాయి. ఒక ప్రక్క గాడి ఉండి తిరగేసి పెట్టటానికి వీల్లేని తెల్ల కనెక్టరును మన దేశపు కొట్లలో రిలీమేట్ అనో, ఆర్‌ఎంసీ అనో అడగాలి. పిల్లల బండికి నేనైతే దీనినే సిఫారసు చేస్తాను. తిరగబడి తగిలించి సెన్సర్ కాల్చుకునే ప్రమాదం దీనితో ఉండదు.

రెండు ప్రక్కప్రక్క పిన్నుల మధ్య దూరాన్ని పిచ్ అంటారు. బెర్గ్, రిలీమేట్ రకాలకు పిచ్ 2.54 మిల్లీమీటర్లు, అనగా అంగుళంలో పదోవంతు. జేఎస్టీలో ఎక్స్‌హెచ్ రకానికి 2.5, పీహెచ్ రకానికి 2 మిల్లీమీటర్లు. "2.5కీ 2.54కీ తేడా ఏముందిలే" అని మేమొకసారి అనుకున్నాం. నాలుగు పిన్నులుంటే మధ్యన మూడు ఖాళీలు, మొత్తం తేడా 0.12 మిల్లీమీటర్లు. ఎలాగో దూరుతుంది. పది పిన్నులకు తేడా ఎంతో మీరే లెక్కకట్టండి. ఆ పది పిన్నులదానిని ఎక్కించబోయి బోర్డుమీది పిన్నులు వంచుకున్నాం.

తీగ కూడా చూసి కొనాలి. కొట్టులో 7/36, 14/36 అంటారు. 7/36 అంటే 36 గేజి రాగిపోగులు ఏడు ఉన్న తీగ. ఒక్కొక్క పోగు వ్యాసం 0.193 మిల్లీమీటర్లు. ఏడింటి అడ్డుకోత వైశాల్యం సుమారు 0.2 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది. అమెరికా గేజిలో ఇది దాదాపు 24తో సమానం. మన పిన్నులమీద 22 నుంచి 28 వరకు అని ఉంటుంది గనుక 7/36 సరిపోతుంది. గేజి అంకె పెరిగినకొద్దీ తీగ సన్నబడుతుందని మరచిపోకండి. పరీక్షలో కూడా చాలామంది దీనిని తలక్రిందులుగా రాస్తారు. ఒకే పోగున్న గట్టి తీగ మాత్రం వద్దు. కదిలే బండిలో అది త్వరగా విరుగుతుంది.

టూల్ కొనేటప్పుడు దవడమీద అంకెలు చదవండి. ఎస్‌ఎన్-28బి అనే పేరుతో దొరికే రకం 28 నుంచి 18 గేజి దాకా పనికివస్తుంది. ధర వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. కొట్టువారు రాచెట్ లేని చవకరకం చూపిస్తే మర్యాదగా వద్దనండి.

డబ్బు చాలకపోతే ఇంకొక దారి ఉంది. పాత కంప్యూటర్లలో హార్డ్ డిస్కుకు వెళ్ళే వెడల్పాటి పట్టీ కేబుల్ చూసే ఉంటారు. కొట్లలో దానిని ఎఫ్‌ఆర్‌సీ అంటారు. దాని కనెక్టరులో చిన్న కత్తిరెక్కలు ఉంటాయి. తొడుగు ఒలవనక్కరలేదు, పట్టీని మధ్యన పెట్టి నొక్కితే రెక్కలే తొడుగును చీల్చుకుని రాగిని పట్టుకుంటాయి. లేతు షాపులో ఉండే వైస్‌తో మెల్లగా, సమంగా బిగిస్తే చాలు. ప్రక్కన ఎర్రగీత ఉన్నది ఒకటో నంబరు తీగ. పాత కంప్యూటర్లు మీ ఊళ్ళో పాతసామాన్ల వారి దగ్గర ఉంటాయి. పిల్లల చేతిలో ఇదీ బాగానే పనిచేస్తుంది.

ఇంత చిన్న తీగకు ఇంత రాద్ధాంతమా అనుకుంటున్నారా? 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోరు రేవు నుంచి డాలీ అనే సరుకుల ఓడ బయలుదేరింది. పొడవు సుమారు 300 మీటర్లు. సిబ్బందిలో ఎక్కువమంది మన భారతీయులే. వంతెన దగ్గరకు వచ్చేసరికి ఓడలో కరెంటు పోయింది. అదుపు తప్పి వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన కూలింది. ఆ రాత్రివేళ దానిమీద గుంతలు పూడుస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. అమెరికా రవాణా భద్రతా మండలి నెలల తరబడి వెతికి 2025 నవంబరులో కారణం ప్రకటించింది. ఓడలోని వేల తీగలలో ఒక సంకేతపు తీగ వదులుగా ఉంది. ఆ తీగకు తొడిగిన పేరుపట్టీ కొసకు మరీ దగ్గరగా ఉండటంవల్ల, తీగ టెర్మినల్ లోపలికి పూర్తిగా దిగలేదు. అది వదలగానే ఒక బ్రేకరు తెరుచుకుంది, ఓడ చీకటైంది.

ఈ వార్త చదివిన మరునాడు మా పిల్లలు తమ తీగల పేరుచీటీలన్నీ కొసనుంచి రెండు వేళ్ళ వెడల్పు వెనక్కి జరిపారు. నేను చెప్పకుండానే.

నీతి ఆయోగ్ వారి అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలైంది. దాని క్రింద 6 నుంచి 12 తరగతుల పిల్లలకోసం దేశంలో 10,000 దాకా టింకరింగ్ ప్రయోగశాలలు వచ్చాయి. రాబోయే ఐదేళ్ళలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. సంతోషం. కాని నేను చూసిన కిట్లలో సెన్సర్లున్నాయి, మోటార్లున్నాయి, కట్టలకొద్దీ రెడీమేడ్ జంపర్ తీగలున్నాయి. తీగ తయారుచేసే టూల్ లేదు. జంపర్ తీగలు చెడ్డవని నేననను. బల్లమీద బ్రెడ్‌బోర్డులో ఒక ఆలోచనను పరీక్షించటానికి అవి బంగారం. బల్ల దిగి నడిచే బండికి మాత్రం చాలవు. "పిల్లలకు కోడింగ్ ముఖ్యం, ఈ మెకానిక్ పని దేనికి" అన్న మాట ఒక సమావేశంలో విన్నాను. మెకానిక్ పని అనే మాట అన్న తీరు నాకు నచ్చలేదు. మా అమ్మాయి ప్రోగ్రాములో తప్పు లేదని తేల్చింది మెకానిక్కే, నేను కాదు.

టూల్ ఏడాదికి పదిరోజులు కూడా వాడం గదా అనేవారికి ఒక ఉపాయం. మండలంలో మూడు నాలుగు పాఠశాలలు కలిసి ఒకటి కొనుక్కోండి. ఒక వీధికంతటికీ ఒక్క నిచ్చెన ఉండటం మన ఊళ్ళలో చూడనిదా?

మా టూల్ ప్రయోగశాల బీరువాలో రెండో అరలో ఉంటుంది. తాళంచెవి తొమ్మిదో తరగతి వారి దగ్గర ఉంటుంది. కొత్తగా వాడేవారు మొదట ఐదు పిన్నులు పాడుచేయవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆరో పిన్నుకు లీటరు నీళ్ళసీసా వ్రేలాడదీయాలి. అంటే దాదాపు పది న్యూటన్ల బలం. తీగ ఊడకపోతే మల్టీమీటరును బీప్ మీద పెట్టి, తీగను కదుపుతూ వినాలి. బీప్ ఎక్కడా తెగకపోతే ఆ తీగ బండికి ఎక్కుతుంది, చేసినవారి పేరు పుస్తకంలో ఎక్కుతుంది. ఆ పుస్తకంలో మొదటి పేరు, ఆనాడు బస్సులో మాట్లాడకుండా కూర్చున్న అమ్మాయిది.